మైదానమూ, అరుణాచలమూ: చలం స్వేచ్ఛాన్వేషణ

మానవునిలో రెండు కోరికలు అతి ప్రాచీనమైనవి. శరీరానికి సంఘం వేసిన కట్లను తెంచుకొని సుఖించవలెనన్నది ఒకటి. ఆ శరీరాన్నే మరచి శాంతిని పొందవలెనన్నది రెండవది. మన పెద్దలు ఈ రెంటినీ పరస్పర విరుద్ధాలుగా ఎంచి, ఒకదానికి భోగమనీ, మరొకదానికి యోగమనీ పేర్లు పెట్టినారు. అయినా ఈ రెండు కోరికలూ ఒకే తరంలో, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషిలో, కలిసి నడచిన సందర్భాలు చరిత్రలో లేకపోలేదు.

1960 దశకంలో పాశ్చాత్య యువతరం అటువంటి సందర్భానికి సాక్షి. 1967 వేసవిలో సాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని హైట్-ఆష్‌బరీ పేటకు వేలకొలది యువతీ యువకులు చేరుకొన్నారు. తండ్రుల ఉద్యోగాలను, ప్రభుత్వపు యుద్ధాన్ని, వివాహబంధాన్ని ఒక్కసారిగా నిరాకరించినారు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో బీటిల్స్ గాయకులు ఋషీకేశంలోని మహేశ్ యోగి ఆశ్రమంలో ధ్యానానికి కూర్చున్నారు. అదే నెల 28వ తేదీన పుదుచ్చేరి సమీపాన 124 దేశాల మట్టిని ఒక పాత్రలో పోసి ఆరోవిల్ నగరానికి ప్రారంభోత్సవం చేసినారు. ప్రణయ స్వాతంత్ర్యం, ఆత్మాన్వేషణ, భూమిమీద స్వర్గం: ఈ మూడూ ఒకే కోరికకు మూడు ముఖాలని ఆ తరం నమ్మినది.

ఈ కథ అంతా పరాయిదని మన పాఠకుడు భావించడం సహజం. కాని దీనికి నలభై ఏండ్లకు ముందే, ఆంధ్రదేశంలో ఒక బడిపంతులు ఈ మూడింటినీ కోరినాడు. గుడిపాటి వెంకట చలం (1894-1979) ‘మైదానం’ నవల 1927లో వెలువడినది. 1950లో ఆయన తిరువణ్ణామలైకి వెళ్ళి, మిగిలిన జీవితమంతా అరుణాచలం నీడలో గడిపినాడు. మైదానం నుంచి కొండకు సాగిన ఈ ప్రయాణాన్ని మన విమర్శకులు రెండు విధాలుగా వ్యాఖ్యానించినారు. స్వేచ్ఛను బోధించినవాడు చివరకు ఓడిపోయి దేవుని శరణు చొచ్చినాడని కొందరి అభిప్రాయం. కామం పండి భక్తిగా పరిణమించినదని మరికొందరి అభిప్రాయం. మొదటివారు చలాన్ని దండించడానికి, రెండవవారు క్షమించడానికి తొందరపడినారు. ఆయన వెతికినది ఏమిటో, అది మైదానంలోనూ కొండమీదా ఏ కారణంచేత అసంపూర్ణంగా మిగిలినదో పరిశీలించడం ఈ వ్యాసానికి ఉద్దేశం.

చలం శూన్యంలో నుంచి పుట్టలేదు. ఆయనకు వెనుక వీరేశలింగంగారి తరం వున్నది. 1881లో రాజమహేంద్రవరంలో పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినారు. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు కాకినాడ కేంద్రంగా బ్రహ్మసమాజ భావాలను, శీల పవిత్రతను బోధించినారు. యౌవనంలో చలం ఈ బ్రహ్మసమాజపు గాలి పీల్చినవాడే. ఆ సంస్కర్తలు స్త్రీకి చేసిన మేలు సామాన్యమైనది కాదు. ఆమెకు చదువు చెప్పించినారు, పోయిన పసుపు కుంకుమలను తిరిగి ఇప్పించినారు. అయితే వారి దృష్టిలో స్త్రీ ఒక ఇంటినుంచి మరొక ఇంటికి గౌరవంగా చేరవలసిన మనిషి. ఇంటి గడపలో నిలబడి ఆమె స్వయంగా ఏమి కోరుతున్నదని వారు అడుగలేదు. ఆ ప్రశ్నను చలం అడిగినాడు. శరీరం, మేధ, హృదయం పురుషునికి వలెనే స్త్రీకీ వున్నవి కనుక, ఆ మూడింటి అవసరాలూ ఆమెకు వుంటవని ‘స్త్రీ’ గ్రంథంలో వాదించినాడు. ఉపాధ్యాయుడుగా, పాఠశాలల తనిఖీ అధికారిగా ఊరూరా తిరిగిన మనిషి కావడంచేత, మధ్యతరగతి ఇండ్ల లోపలి గదులు ఆయనకు బాగా తెలుసును.

ఇక ‘మైదానం’ సంగతి. వకీలు భార్య అయిన బ్రాహ్మణ స్త్రీ రాజేశ్వరి, అమీర్ అనే ముస్లిం యువకునితో ఇల్లు వదలి వెళ్ళి, కొండల నడుమ, నీటి ఒడ్డున ఆరుబయట కాపురం పెడుతుంది. కథను రాజేశ్వరి తన నోటనే చెబుతుంది. ఈ విషయం చిన్నది కాదు. పదేండ్ల తరువాత, 1937లో, హిందీలో జైనేంద్ర కుమార్ ‘త్యాగపత్ర’ వ్రాసినాడు. అందులోని మృణాల్ కూడా సంఘం గీచిన గీత దాటిన స్త్రీయే. కాని ఆమె కథను చెప్పేది మేనల్లుడు ప్రమోద్, న్యాయాధిపతి. ఆమె బాధకు అతడు కుమిలి తన పదవికి రాజీనామా ఇస్తాడు. పాఠకుని కన్నీరు ఆమెకోసం ఎంతో, ఆయన పశ్చాత్తాపంకోసమూ అంతే. రాజేశ్వరికి అటువంటి మధ్యవర్తి లేడు. తాను చేసిన పనికి క్షమాపణ చెప్పదు; జాలిని అడుగదు. తెలుగు నవలలో ఒక స్త్రీ తన కోరికను తన భాషలో, తలవంచకుండా చెప్పుకొన్న అరుదైన తొలి సందర్భాలలో ఇది ఒకటి. ఆ గొంతు పురుషుడైన రచయిత కల్పించినదే అన్న మాట నిజమే. అయినా ఆ గొంతు విన్న తరువాత తెలుగులో తరువాతి రచయిత్రులు పాత గొంతుతో మాట్లాడవలసిన అగత్యం లేకపోయినది.

ఈ నవల పేరును హిందీలోకి తీసుకొనిపోయేటప్పుడు ఒక చిక్కు వచ్చి పడుతుంది. మాట మారదు; పారసీనుంచి వచ్చిన ‘మైదాన్’ రెండు భాషలకూ సొంతమే. అర్థం మాత్రం మారుతుంది. తెలుగువాని మనస్సులో మైదానం అంటే గోడలు లేని చోటు, గాలి వీచే చోటు. హిందీ పలుకుబడిలో ‘మైదాన్’ మొదట యుద్ధభూమి. ‘మైదాన్ మార్‌నా’ అంటే గెలవడం. ‘మైదాన్ ఛోడ్‌నా’ అంటే వెన్ను చూపి పారిపోవడం. ఈ రెండు అర్థాలనూ పక్కపక్కన పెట్టి చదివితే నవల మరింత స్పష్టమవుతుంది. రాజేశ్వరి ఖాళీ చోటు అనుకొని వెళ్ళిన మైదానం, రానురాను రణరంగంగా మారుతుంది. ఆమె గర్భవతి అయినప్పుడు అమీర్‌కు ఆ శిశువు అక్కరలేదు. వివాహబంధం లేని ఆ చోట కూడా, తల్లి కావలెనా వద్దా అన్నది ఆమె ఒక్కతె నిర్ణయం కాలేదు. అమీర్ మనస్సు మరొక స్త్రీవైపు మళ్ళినప్పుడు రాజేశ్వరి సహించడమే కాక అతనికి సాయపడుతుంది. ఆమె జీవితంలోకి మీరా అనే యువకుడు వచ్చినప్పుడు అదే ఔదార్యం అమీర్‌కు చేతకాదు. కథ కత్తితో, మరణంతో ముగుస్తుంది.

చలం మీద వచ్చిన నిందలు చాలవరకు ఈ ముగింపును చూడనివారు వేసినవి. ఆయనకు వచ్చిన ప్రశంసలలోనూ కొన్ని అటువంటివే. ‘మైదానం’ స్వేచ్ఛా ప్రణయానికి స్తోత్రమైతే, అదే సమయంలో దానికి తొలి విమర్శ కూడా అదే. ఇంటిని వదిలిపెట్టి వచ్చిన అమీర్ భర్తృత్వాన్ని వదిలిపెట్టలేదు. అది సంఘం బయటినుంచి అతనిమీద వేసిన బరువు కాదు. అతడు తన వెంట మోసుకొని వచ్చిన మూట. ఈ సత్యాన్ని రచయిత సిద్ధాంతంగా చెప్పలేదు. తన సిద్ధాంతానికి వ్యతిరేకమని తెలిసి కూడా కథలో దాచలేదు. ఇందులోనే ఆయన కళా నిజాయితీ కనిపిస్తుంది.

ఇక్కడ ‘ఖాళీ చోటు’ అన్న భావాన్ని కొంచెం నిలిచి చూడవలెను. స్వర్గాన్ని భూమిమీద కట్టదలచినవారందరూ మొట్టమొదట వెతికేది ఖాళీ నేల. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 1848లో ఒనీడా సమాజం స్థాపించినవారు ఆస్తినీ, దాంపత్యాన్నీ కూడా సమష్టి చేసినారు. ఎవరితో ఎవరు సంతానం కనవలెనో నిర్ణయించే అధికారం మాత్రం పెద్దల చేతిలో వుండిపోయినది. 1881లో ఆ సమాజం కాస్తా వాటాల కంపెనీగా మారి, తరువాతి కాలంలో చెంచాలకూ ఫోర్కులకూ పేరుపొందినది.

ఖాళీ నేల అన్న భ్రమకు మన దేశంలో అండమాన్ దీవులకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఇక్కడ, 2024లో శ్రీ విజయపురం అన్న పేరు పొందిన పోర్ట్ బ్లెయిర్‌లో, లంబాలైన్ వంటి పేటలలో కూర్చొని చలాన్ని చదివే తెలుగువానికి ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ప్రధాన భూభాగంనుంచి చూచేవారికి దీవి అంటే సంఘం కన్ను పడని ఏకాంత స్థలం. కాని ఈ దీవులు ఏనాడూ ఖాళీగా లేవు. గ్రేట్ అండమానీలు, ఓంగీలు, జారవాలు, సెంటినెలీలు వేల ఏండ్లుగా వీటిని తమ ఇల్లుగా చేసుకొన్నారు. 1858లో ఆంగ్లేయులు ఇక్కడ ఖైదీల వలస స్థాపించినారు. 1896లో మొదలైన సెల్యులార్ జైలు నిర్మాణం 1906లో పూర్తి అయినది.

ఆ ఖైదీల వలసలో ఒక విచిత్రం జరిగినది. సత్ప్రవర్తన చూపి, స్వయంగా సేద్యం చేసుకొనే అనుమతి పొందిన ఖైదీలకు, స్త్రీ ఖైదీలను వివాహమాడే అవకాశం ప్రభుత్వం ఇచ్చినది. కులం, ప్రాంతం, భాష చూడని పెండ్లిండ్లు జరిగినవి. వారి సంతతి నేటికీ ఈ దీవులలో వున్నది. హిందుస్తానీయే వారి ఇంటి భాష అయినది. ప్రధాన భూభాగంలో వీరేశలింగంగారు ఒక్కొక్క వివాహానికి ఊరంతటితో పోరాడుతున్న కాలంలో, ఇక్కడ కులాంతర వివాహం దస్తావేజుమీద ఒక సంతకంతో జరిగిపోయినది! కాని దీనిని స్వేచ్ఛ అనగలమా? ఆ స్త్రీకి ఎన్నిక ఎంతవరకు వున్నది? పెండ్లి వద్దన్నదాని గతి, తిరిగి ఆడఖైదీల నిర్బంధ శాల. పాత కట్టు తెగినంత మాత్రాన స్వేచ్ఛ రాదని, తెంచినది ఎవరి చేయి అన్నది ముఖ్యమని ఈ చరిత్ర చెబుతున్నది. రాజేశ్వరి పక్షాన ఇంతమాత్రం అనవచ్చును: ఆమె కట్టును ఆమె చేయే తెంచినది. ఆ తరువాత ఏమిటన్న ప్రశ్న దగ్గరనే ఆమె ఒంటరిది అయినది.

ఆ ప్రశ్ననే చలం మరి ఇరవై ఏండ్లు మోసినాడు. 1948లో వచ్చిన ‘జీవితాదర్శం’లో లాలస ప్రణయాల మధ్యనుంచి నడచి శాంతిని వెతుకుతుంది. ఈ నవల నాటికి రచయిత భాషలో ‘సుఖం’ అన్న మాట వెనుకబడి, ‘శాంతి’ అన్న మాట ముందుకు వచ్చినది. ఆయన ఠాకూరు గీతాంజలిని తెలుగు చేసినాడన్న సంగతి కూడా మరువరానిది. ప్రియునికోసం నిరీక్షించే గొంతు, దేవునికోసం నిరీక్షించే గొంతు ఒకటిగా వినిపించే ఆ కావ్యం, చలం రెండు జీవితాలకు నడుమ వంతెన వంటిది. 1950లో ఆయన కుటుంబంలో కొందరితో అరుణాచలం చేరినాడు. ఆ ఏప్రిల్ 14న రమణ మహర్షి దేహం చాలించినారు. చలం ‘యోగ్యతాపత్రం’తో శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వెలువడినది కూడా 1950లోనే. తరువాతి తరాన్ని విప్లవంవైపు నడిపిన గ్రంథానికి స్వాగతవాక్యం పలికిన మనిషి, అదే ఏడు కొండ నీడకు వెళ్ళినాడు.

దీనిని పరాజయం అనేవారు ఒక విషయం గమనించవలెను. మైదానంలో రాజేశ్వరి కోరినది కేవలం శరీర సుఖం కాదు. ‘నేను’ అన్న అడ్డుగోడ కరిగిపోయే క్షణం. రమణుల బోధ కూడా ఆ ‘నేను’ ఎవరన్న విచారణే. వెతికినది ఒకటే కనుక దిక్కు మార్చడం ఓటమి కాదు. అయితే పరిణతి అని పొగిడేవారికీ ఒక ప్రశ్న వేయవలసి వున్నది. ప్రేమ విఫలమైన చోట ధ్యానం సఫలమైతే, మైదానంలో లేచిన చిక్కులకు సమాధానం దొరికినట్లా? శిశువు ఎవరిది, వంట ఎవరిది, అసూయకు మందేది: కొండ ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేదు. వాటిని అడుగనక్కరలేని స్థితిని చూపినది. హిందీలో భగవతీచరణ్ వర్మ ‘చిత్రలేఖ’ (1934) ఈ విషయంలో చలం కంటె నిర్దాక్షిణ్యమైన నవల. అందులో యోగి కుమారగిరి కామానికి లొంగిపోతాడు. భోగి బీజగుప్తుడు సర్వమూ త్యజిస్తాడు. యోగ భోగాలు మనిషి వేసుకొన్న వేషంలో వుండవని వర్మ చెప్పినాడు. చలం మాత్రం తన పాత్రలతో కాక తన జీవితంతోనే ఆ పరీక్షకు కూర్చున్నాడు. సాహిత్యంలో ఇటువంటి సాహసం అరుదు.

పాశ్చాత్య యువతరం కథ కూడా ఇదే మలుపు తిరిగినది. స్వేచ్ఛా ప్రణయంతో విసిగినవారు గురువులను వెతుక్కొన్నారు. రజనీశ్ అయితే ప్రణయాన్నీ ధ్యానాన్నీ ఒకే గూటిలో పెట్టి, 1974లో పూనాలో ఆశ్రమం స్థాపించినాడు. 1981లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఆయన శిష్యులు రజనీశ్‌పురం నగరాన్ని కట్టినారు. అది నాలుగేండ్లు నిలిచినది. 1984లో స్థానిక ఎన్నికలను తారుమారు చేయడానికి ఆ ఆశ్రమ నాయకులు ఊరి హోటళ్ళ ఆహారంలో రోగక్రిములు కలిపించినారు. 751 మంది జబ్బుపడినారు. భర్త అధికారం నచ్చక బయలుదేరినవారు చివరకు గురువు పేర నడచిన అధికారానికి ఎదురు చెప్పలేకపోయినారు. మైదానంలో అమీర్ వెంట వచ్చిన మూట ఇక్కడ కాషాయం కట్టుకొని వచ్చినదన్నమాట.

రమణాశ్రమం చరిత్రలో దీనికి భిన్నమైన ఒక అంశం వున్నది. ఏండ్ల తరబడి గుహలలో ఏకాంతంగా గడిపిన రమణుల వద్దకు 1916లో తల్లి అళగమ్మ వచ్చి నివసించినది. ఆమె రాకతోనే అక్కడ పొయ్యి వెలిగినది, వంట మొదలైనది. 1922లో ఆమె మరణించగా కొండ పాదాన సమాధి చేసినారు. ఆ సమాధి చుట్టూనే నేటి ఆశ్రమం పెరిగినది. సర్వసంగ పరిత్యాగి కొండకు కూడా ఒక అమ్మ, ఒక వంటిల్లు అవసరమైనవి. ఖాళీ చోటు మనుషులకు నిలువనీడ కావలెనంటే, అక్కడ పొయ్యి వెలిగించే చేయి ఒకటి వుండి తీరవలెను. ఆ చేయి ఎవరిదని అడుగని ఆదర్శలోకాలన్నీ, తెలిసో తెలియకో, ఆడదాని శ్రమమీద నిలబడినవే.

ఇక్కడ మరల మాటల వద్దకు రావలెను. తెలుగులో మనం ‘స్వేచ్ఛ’ అంటాం. దానిని యథాతథంగా హిందీలో పెడితే ‘స్వచ్ఛందంగా, తనంత తానుగా’ అన్న అర్థమే వస్తుంది. ‘విడుదల’ అన్న అర్థం రాదు. ‘స్వచ్ఛంద్’ అంటే హిందీలో ఒక్కొక్కచోట కట్టుబాటు లేనితనం అన్న నింద తగులుతుంది. చివరకు అనువాదకుడు ‘స్వతంత్రతా’ అన్న మాటకు చేరుకొంటాడు. ఈ చిక్కు నిఘంటువుకు సంబంధించినది మాత్రమే కాదు. స్వేచ్ఛలో వున్నది ‘ఇచ్ఛ’. స్వతంత్రంలో వున్నది ‘తంత్రం’, అనగా ఏర్పాటు, నడిపించుకొనే పద్ధతి. తన కోరికను తాను గుర్తించడం స్వేచ్ఛ. ఆ కోరికతో పదిమంది మధ్య బ్రతకడానికి తగిన పద్ధతిని తాను కల్పించుకోవడం స్వాతంత్ర్యం. చలం తెలుగు స్త్రీకి మొదటిదాన్ని ఇచ్చినాడు. ఆమె రెండవదానికోసం అడిగినప్పుడు ఆయన వద్ద మైదానం వున్నది, కొండ వున్నది. వాటి నడుమ ఊరు లేదు.

తరువాతివారు ఆ ఊరివైపు నడచినారు. 1965-68 నడుమ మూడు సంపుటాలు వెలువరించిన దిగంబర కవులు కూడా మన ప్రతిసంస్కృతిలో భాగమే. కాని ఆరుగురూ పురుషులు. వారి దిగంబరత్వం సంఘపు కపటంమీద విసిరిన ఉపమానం. వారిలో నలుగురు 1970లో విప్లవ రచయితల సంఘంవైపు వెళ్ళినారు. ఇంటి లోపలి తంత్రాన్ని పట్టించుకొన్నవారు రచయిత్రులు. ఓల్గా 1987లో వెలువరించిన నవలకు ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టినది. అందులోని అరుణ మైదానానికి పారిపోదు. చదువు, ఉద్యోగం, వివాహం నడుమనే తన స్థానాన్ని వెతుక్కొంటుంది. శాసనం కూడా మెల్లగా కదలినది. 1955లో హిందూ వివాహ చట్టం విడాకులకు మార్గం తెరచినది. 1971లో గర్భవిచ్ఛిత్తి కొన్ని పరిమితులతో చట్టబద్ధమైనది. అన్యుని భార్యతో సంబంధం పెట్టుకొన్న పురుషుని, ఆ భర్త సొత్తును అపహరించినవానివలె శిక్షించిన 1860 నాటి 497వ సెక్షనును 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు కొట్టివేసినది. రాజేశ్వరి నేడు ఇల్లు వదలదలిస్తే ఆమెకు మైదానం ఒక్కటే దారి కాదు. ఈ మార్పులు చలం ఊహించినంత కాంతిమంతమైనవి కావు. గుమాస్తాల బల్లలమీద, న్యాయస్థానాల వరండాలలో, నిదానంగా జరిగినవి. అయినా ఇవే ఆయన ప్రశ్నకు నిలువగల సమాధానాలు.

కనుక చలాన్ని ఓడినవాడనీ, పండినవాడనీ తూచడం మాని, ఆయన తెచ్చిన ప్రశ్నను యథాతథంగా స్వీకరించడం మేలు. కోరికను అబద్ధంలో దాచిన గృహం నిలువదని ఆయన నిరూపించినాడు. గృహమే లేని కోరిక కూడా నిలువదని ఆయన నవల, ఆయనకు ఇష్టమున్నా లేకున్నా, నిరూపించినది. నలభై ఏండ్ల తరువాత ప్రపంచంలో పెద్ద పెద్ద నగరాల యువతరం ఈ రెండు పాఠాలనూ మరింత వెల చెల్లించి నేర్చుకొన్నది. తెలుగు పాఠకునికి ఆ పాఠం ఒక చిన్న నవల వెలకే దొరికినది. ఆ నవలను కొందరు దుప్పటి క్రింద దాచుకొని చదివినారు, కొందరు చదువకుండానే తిట్టినారు. ఇప్పుడు దానిని పగటి వెలుతురులో, చివరి పుట వరకు చదువవలసి వున్నది.